చెయ్యి సాపు

ఘాటు దిగినాక మూడో మలుపులో
టార్చి మొదట మొకం మింద పడతాది,
తర్వాత చేతుల మింద.
"సాపు" అంటాడు.
సాపుతాను.

బొలేరో ఎనక డెబ్బై క్రేట్ల తోతాపురి.
తొడిమల కాడ సొన ఇంకా కారతా ఉండాది.
ముందర పోయిన తెల్లకారు
అద్దం కూడా దించలేదు.
గేటు దానంతటదే లేచింది,
పెద్దమనిషిని చూసి బెంచీ మింద వాళ్ళు లేచినట్టు.

మొన్న మంగళవారం
ఇదే బండిని మా ఓనరు కొడుకు హేమచంద్ర తోలినాడు.
ఇదే నెంబరు, ఇవే కాయలు, పగిలిపోయిన ఇదే ఎనక లైటు.
"నన్నెవురూ ఆపలేదే!" అన్నాడు,
నేనేదో అబద్ధం చెప్తా ఉన్నట్టు.

ఎస్సై లైసెన్సు తిప్పి తిప్పి చూస్తాడు.
కావడి చెంగల్రాయుడు.
పేరు కాడ ఆగడు, ఇంటిపేరు కాడ ఆగుతాడు.
"ఏమోళ్ళురా మీరు?"
దానికీ ఒక కాగితం ఉండాది సార్,
తాసీల్దారు ముద్రేసి ఇచ్చింది.
లోనుకని బ్యాంకులో చూపిస్తే సరిపోలేదు,
ఈడ చూపించకుండానే సరిపోయింది.

ఎర్రచందనం నరికినోడి అరచేతిలో
గొడ్డలి కాయలు కాస్తాయంట.
పదారేండ్ల స్టీరింగు నాకూ కాయించింది కాయలే.
ఏ కాయ ఏ చెట్టుదో
టార్చి వెలుగులో తేల్చేస్తారు వీళ్ళు.
ఒకాయన వాసన గూడా చూసినాడు.
మామిడి సొన. మొకం చిట్లించుకున్నాడు.

మా అమ్మా చేతులే చూసేది.
నెత్తిన గంప, చేతిలో కోల,
చంద్రగిరి సందుల్లో ఎరుక చెప్పుకుంటా.
చాటెడు బియ్యానికి
ఎవురి చేతిలోనైనా రొంత మంచి ఎతికేది.
దొరక్కపోతే కల్పించేది.

మా తాత బొటనేలిని గూడా చదివినారు.
తెల్లదొరల నాడు, పొద్దుగూకితే
ఠాణాకి పోయి ముద్ర ఏసి రావాల.
దొంగతనమేమీ లేదు. పుట్టినందుకు.
సచ్చేదాకా ఆ ఏలు నీలంగానే ఉండేదని
మా నాయన చెప్పేటోడు.
నేను నమ్మలా.
ఇప్పుడు నమ్ముతా.

ఒక మాట చెప్తా, నవ్వొద్దు.
రెండు నెలలుగా నీళ్ళు పోసుకునేటప్పుడు
ఇటుకరాయితో అరచేతులు రుద్దుకుంటా ఉండా.
తర్వాత మా యింటామె క్రీము పూసుకుంటా.
"ఈ వయసులో సోకేంది సామీ" అని
నాగమునెమ్మ పడీ పడీ నవ్వింది.
కారణం చెప్పినాక
డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది, ఏమీ అన్లా.

చెయ్యి మెత్తబడింది.
మలుపుల్లో స్టీరింగు జారతా ఉండాది.
చొక్కా ఇస్త్రీ. లోపల లైటు ఆన్. పాట ఆఫ్.
నామం రోజుకన్నా రొంత లావుగా.

ఈ రాత్రి టార్చి నా అరచేతి మింద
చానాసేపు నిలబడింది.
ఏలితో నొక్కి చూసినాడు.
"ఏంరా, ఇంత మెత్తగుండాయి?
నువ్వు నిజంగా డ్రైవరేనా?"

క్రేట్లు దించమన్నారు.
డెబ్బై. దించినా.
అడుగున గడ్డి. గడ్డి కింద రేకు.
రేకు మింద తట్టి చూసినారు, లోపల ఎవురన్నా పలుకుతారేమోనని.
మళ్ళా ఎక్కించేటప్పుడు
ఒక్క చెయ్యీ సాయం రాలేదు.

తెల్లారేసరికి తిరపతి మండీలో
మెత్తటి చర్మం లేచి బొబ్బలు.
వారానికి అవే కాయలవుతాయి.
కాయలు కమిలినాయని
ఓనరు బాడుగలో మూడొందలు పట్టుకున్నాడు.

చిన్నప్పుడొకసారి
మా అమ్మ నా చెయ్యి గూడా చూసింది.
"ఈ గీత చానా దూరం పోతాది నాయనా" అనింది.
మధ్యలో అడ్డంగా ఇంకో గీత కనబడితే
ఇదేందిమా అని అడిగినా.
నా ఏళ్ళు మూసేసి,
బియ్యం చెరగను పోయింది.